అంకె ఒకటే, అర్థాలు వేరు

తట్టాంచావడిలో కొన్నా, అదే పుదుచ్చేరి పాలనలోని యానాంలో కొన్నా, టీవీ పెట్టెపై ‘హెచ్‌డీఎంఐ 2.1’ అని ఉంటే కొత్త గేమ్ కన్సోల్‌కు ఢోకా లేదనుకుంటాం. అది నిజం కాకపోవచ్చు.

ఒకప్పుడు ఈ చిక్కు లేదు. పసుపు పిన్ను బొమ్మకు, ఎరుపు, తెలుపు పిన్నులు శబ్దానికి. రంగు చూసి గుచ్చితే సరిపోయేది. 2006లో ప్లేస్టేషన్ 3 హెచ్‌డీఎంఐతో వచ్చింది. బొమ్మ, శబ్దం ఒకే కేబుల్‌లోకి చేరాయి. 2017 నాటి 2.1 ప్రమాణం సెకనుకు 48 గిగాబిట్ల దాకా మోయగలదు. ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ 4కే బొమ్మను సెకనుకు 120 ఫ్రేములతో పంపగలిగేది దానివల్లే.

కానీ 2.1లోని కొత్త సదుపాయాలన్నీ ఐచ్ఛికమే. పాత 2.0 స్థాయి, అంటే 18 గిగాబిట్ల పోర్టుకూ 2.1 పేరు పెట్టుకోవచ్చని లైసెన్సింగ్ సంస్థే 2021లో స్పష్టం చేసింది. ఏయే సదుపాయాలున్నాయో తయారీదారు చెప్పాలన్న షరతు ఉన్నా, కొనేవారి కంట పడేది అంకె మాత్రమే.

వస్తువు నాణ్యత, ప్రమాణం తెలుసుకునే హక్కును 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఇచ్చింది. ఆ హక్కు అక్కరకు రావాలంటే ఏ పోర్టు ‘4కే, 120 హెర్ట్జ్’ ఇస్తుందో పెట్టెపైనే ఉండాలి. అందాకా డబ్బు కట్టే ముందే అడగడం మేలు.