దైవభక్తి, దేశభక్తి

దైవభక్తి లేనివానికి దేశభక్తి యెక్కడిదను మాట ఈనడుమ సభలలో తఱచుగా వినబడుచున్నది. ఎచ్చెర్లలో మా విద్యార్థులును ఇదే ప్రశ్న వేయుచున్నారు. జవాబునకై దూరము పోనక్కఱలేదు. మన ఉత్తరాంధ్రమే చెప్పగలదు.

1897లో పాండ్రంగిలో జన్మించిన అల్లూరి సీతారామరాజు సన్న్యాసివేషమున మన్యము చేరెను. ఆయన జపతపములు చూచియే కొండప్రజలు ఆయనను నమ్మిరి. ఆ విశ్వాసమును తక్కువ చేయరాదు. ప్రాణమునకు తెగించు ధైర్యము దానివలననే వచ్చినది. కాని ఆ ధైర్యము దేనికై ఆయుధము పట్టెను? 1882 నాటి మద్రాసు అటవీచట్టము పోడుసేద్యమునకు అడ్డుపడెను. గూడెము బాటపనులలో వెట్టిచాకిరి సాగెను. 1922 ఆగస్టు 22న చింతపల్లి ఠాణాపై పడినవారు ఈ బాధలు పడినవారే. జపతపములు మాత్రమే చాలినచో ప్రతి మఠమునుండియు ఒక తిరుగుబాటు లేవవలసినది గదా!

అంతకు పుష్కరకాలము ముందే, 1910లో, విజయనగరమున గురజాడ ‘దేశభక్తి’ గీతమును రచించెను. ఆయనకు దేశమనగా మనుష్యులు. మతములు వేఱైనను మనసులు కలియవచ్చునని ఆయన నమ్మకము. సీతారామరాజు భక్తియు తుదకు ఆ మనుష్యునియొద్దకే చేరినది. అందువలననే అది దేశభక్తి యైనది.

2022లో అల్లూరి పేర జిల్లా ఏర్పడినది. ఆ యేడే భీమవరమున 30 అడుగుల కంచువిగ్రహము వెలసినది. సంతోషమే. పోడుభూమిపై హక్కునిచ్చు చట్టము మాత్రము 2006లోగాని రాలేదు. ఆ పట్టాలకై గిరిజనులు నేటికిని అర్జీలు పెట్టుకొనుచునే యున్నారు.