గీత ఎక్కడ గీసిండ్రు, చేప ఎటు పోయింది?



పోస్టు కొంచెం పొడుగైంది. ఓపిక చేసుకొని చివరిదాక చదవండి, తర్వాత మీ మాట కూడా రాయండి.

మొన్న గ్రూపులో సామూహిక అటవీ హక్కుల దరఖాస్తుల మీద చర్చ జరిగింది కదా. అప్పుడు ఒక తమ్ముడు అడిగిండు: "అన్నా, పోడు భూమికి పట్టా వస్తే చాలు, ఆ ఫారంల చేపల గడి ఎందుకు నింపాలె?" ఆ రోజు నేను సరిగ్గ జవాబు చెప్పలేకపోయిన. ఇయాల చెప్త. కాని జవాబు మన వాగు దగ్గర మొదలుపెట్టను, భూమికి ఉత్తరం కొసన, గడ్డకట్టిన సముద్రం మీద మొదలుపెడత. నేను చేపల శాస్త్రవేత్తను కాదు. జువాలజీ చదువుకున్న, ఈ విషయం మీద దొరికింది చదివిన, అంతే.

కెనడాలో నునావుట్ అనే ప్రాంతం ఉంది. అక్కడ ఎక్కువ మంది ఇనుయిట్ ఆదివాసులు. వాళ్లు ప్రభుత్వంతో 1993లో భూ ఒప్పందం చేసుకున్నారు, 1999 ఏప్రిల్ 1న నునావుట్ ప్రత్యేక ప్రాంతంగా ఏర్పడింది. అందులో బాఫిన్ అనే పెద్ద ద్వీపం మీద పాంగ్నిర్టంగ్ అనే ఊరు ఉంది. జనాభా సుమారు 1,500. ఊరి ముందు కంబర్లాండ్ సౌండ్ అనే లోతైన సముద్రపు పాయ. చలికాలం వస్తే దాని మీద మనుషులు, బండ్లు తిరిగేంత గట్టిగా మంచు పడుతుంది.

ఈ ఊరోళ్ల బతుకు ఒకప్పుడు సీల్ వేట మీద నడిచింది. మాంసం తినేటోళ్లు, చర్మం అమ్మేటోళ్లు. 1983లో యూరప్ దేశాలు సీల్ పిల్లల చర్మాల దిగుమతిని నిషేధించాయి. ఇనుయిట్లు వేటాడేది ఆ పిల్లలను కాదు. అయినా మొత్తం సీల్ చర్మాల మార్కెటే పడిపోయింది, దెబ్బ వాళ్ల మీద పడ్డది. ఎక్కడో పట్నంలో మంచి ఉద్దేశంతో తీసుకున్న నిర్ణయం అడవిలో ఉన్నోడి పొయ్యి ఆర్పడం మనకు కొత్త కాదు కదా.

ఆ తర్వాత 1987 నాటికి వాళ్లు కొత్త దారి పట్టుకున్నరు. అదే గ్రీన్‌లాండ్ హాలిబట్ చేప, కెనడాలో దాన్ని టర్బట్ అని కూడా అంటరు. బల్లపరుపుగా ఉండే చేప. ఈ జాతి చేపలకు పుట్టినప్పుడు కండ్లు రెండు పక్కల ఉంటయి, పెరిగేకొద్దీ ఒక కన్ను రెండో పక్కకు జరుగుతది. హాలిబట్‌కు మాత్రం ఆ కన్ను తల పై అంచు దగ్గరనే ఆగిపోతది. వందల మీటర్ల లోతున, చల్లటి చీకటి నీళ్లలో ఉంటది. నిదానంగా పెరుగుతది, ఆలస్యంగా గుడ్లకు వస్తది. అందుకే అడ్డగోలుగా పడితే తిరిగి పుంజుకోవడానికి చాలా ఏండ్లు పడుతది.

పట్టే పద్ధతి చూడండి. మంచుకు బొక్క కొడతరు. వందల గాలాలు కట్టిన పొడుగు తాడును అందులోంచి దింపుతరు. తాడు కొసకు ఒక రేకు కడతరు, నీటి ప్రవాహం ఆ రేకును గాలిపటం లెక్క దూరం లాక్కపోతది, తాడు అడుగున పరుచుకుంటది. కొన్ని గంటల తర్వాత పైకి గుంజుతరు. గడ్డకట్టే చలిలో చేసే పని ఇది.

ఇప్పుడు అసలు ముచ్చట. చేపల వేట మొదలైనంక ప్రభుత్వం అక్కడ ఒక నిర్వహణ సరిహద్దు గీసింది. సౌండ్ లోపల ఉత్తర భాగంలో ఉండే హాలిబట్లు అక్కడే స్థిరంగా ఉంటాయి, బయటికి పోవు అనే నమ్మకంతో ఆ గీత గీసిండ్రు. గీతకు లోపల ఊరోళ్లకు ఏడాదికి 500 టన్నుల కోటా పెట్టిండ్రు. గీతకు దక్షిణాన వేరే లెక్క. కాగితం మీద చూస్తే చక్కగనే ఉంది. ఊరోళ్ల చేప ఊరోళ్లకు, బయటి చేప బయటోళ్లకు.

కొన్నేండ్లకు ఆ గీతకు దక్షిణాన కూడా వేట మొదలైంది. అప్పుడు ప్రశ్న వచ్చింది: అక్కడ పట్టే చేప, చలికాలంలో మా మంచు కింద ఉండే చేప ఒకటేనా? ఒకటే అయితే మా కోటాకు అర్థం ఏముంది?

దీన్ని తేల్చడానికి పరిశోధకులు చేపల కడుపులో చిన్న ధ్వని పరికరాలు పెట్టి వదిలిండ్రు. ఒక్కో పరికరం తన సొంత గుర్తుతో శబ్దం పంపుతది. 400 నుంచి 1,200 మీటర్ల లోతున ఆ శబ్దాన్ని వినే యంత్రాలు అమర్చిండ్రు. ఏ చేప, ఏ రోజు, ఏ చోటు దాటిందో అవి రాసిపెట్టుకుంటయి. నైజెల్ హస్సీ అనే పరిశోధకుడి బృందం ఈ ఫలితాలను 2017లో ప్రచురించింది.

తేలింది ఏమిటంటే, చేపలకు ఆ గీత సంగతే తెలవదు. కాలాన్ని బట్టి అవి దక్షిణం నుంచి ఉత్తరానికి, ఉత్తరం నుంచి దక్షిణానికి తిరుగుతున్నయి. నీటి వేడి, నీటిలో ఆక్సిజన్, పైన మంచు, వీటిని బట్టి వాటి నడక. ఎక్కువ చేపలు ఏటేటా గీత దాటుతున్నయి. అంటే ఆ సరిహద్దు పనికిరానిది. ఆ రుజువుతో సరిహద్దును సౌండ్ ముఖద్వారం దాకా జరిపిండ్రు. పాయ మొత్తం ఒకే లెక్క కిందికి వచ్చింది. చలికాలం వేటతో పాటు ఎండకాలంలో పడవల మీద కూడా ఊరోళ్లు తమ కోటా పట్టుకునే వీలు దొరికింది.

ఇందులో ఇంకో సంగతి ఉంది, నాకైతే ఇదే ముఖ్యం అనిపించింది. మొదటి సంవత్సరాలతో పోలిస్తే ఒక్కో తాడుకు పడే చేపలు తగ్గినయి. పైపైన చూసే అధికారి ఏమంటడు? "ఊరోళ్లు ఎక్కువ పట్టిండ్రు, చేప అయిపోతుంది, కోటా కోయండి" అంటడు. పరిశోధనలో తేలింది వేరు. మంచు తగ్గి, ఒక్కో ఏడు ఒక్కో తీరుగ పడుతుండటంతో వాళ్లు తమకు ఇష్టమైన మంచి చోట్లకు పోలేకపోయిండ్రు. దొరికిన చోట, చేప తక్కువ ఉన్న చోట గాలం వేసిండ్రు. అందుకే తక్కువ పడ్డయి. అంకె నిజమే, కాని ఆ అంకెకు కారణం చూడకపోతే తప్పు చేయని మనిషికి శిక్ష పడుతది.

ఇక మన దగ్గరికి వస్త. మా ఊరి పైన అడవి అంచున ఒక చెరువు ఉంది. దానికి నీళ్లు తెచ్చే వాగు మా చేన్ల పక్క నుంచే పారుతది. కొన్నేండ్ల కింద చెరువును బయటోళ్లకు లీజుకు ఇచ్చిండ్రు. ఆ కాగితంలో చెరువు కట్ట, విస్తీర్ణం ఉన్నయి, వాగు ఊసే లేదు. తొలకరి వరదకు పరకలు, జెల్లలు చెరువులో నుంచి వాగుకు ఎదురెక్కుతయి, గుడ్లు పెట్టడానికి. మిరుగం వచ్చిందంటే మా ఇండ్లల్ల ఆ చేపల కూర ఉండాలె. ఒక ఏడు మా పెదనాన్న వాగులో వెదురు బుట్ట పెడితే లీజు మనిషి వచ్చి బుట్ట తొక్కి పోయిండు. "చెరువు చేప నాది" అన్నడు. మా పెదనాన్న ఒక్కటే అడిగిండు: "మరి అది గుడ్లు పెట్టే వాగు ఎవరిది బిడ్డా?" ఆయనకు ఎవరూ జవాబు చెప్పలేదు.

పాంగ్నిర్టంగ్‌లో వచ్చిన ప్రశ్న, మా పెదనాన్న అడిగిన ప్రశ్న ఒక్కటే. గీత గీసినోడికి చేప నడక తెలుసా, లేదా?

కాని ఆ చేప గీత దాటుతదని రుజువు అయితే సరిహద్దు ఎందుకు జరిగింది, మా పెదనాన్న మాటకు ఎందుకు ఏదీ జరగలేదు? నాకు అర్థమైంది ఇది. ఇనుయిట్ల చేతిలో చట్టం ప్రకారం ఒక స్థానం ఉంది. 1993 ఒప్పందంతో ఏర్పడ్డ వన్యప్రాణి నిర్వహణ బోర్డు ఉంది, అందులో వాళ్ల మనుషులు కూర్చుంటరు. ఊరూరా వేటగాళ్ల సంఘం ఉంది. రుజువు వచ్చినప్పుడు దాన్ని పట్టుకొని అడగడానికి కుర్చీ ఉంది. ఒట్టి రుజువు ఉండి కుర్చీ లేకపోతే అది లైబ్రరీలో దుమ్ము పడుతది. ఒట్టి కుర్చీ ఉండి రుజువు లేకపోతే అవతలోడు తెచ్చిన లెక్కకే తల ఊపాల్సి వస్తది.

మనకు కుర్చీ లేదా? ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(డి) చదవండి. చేపలు, నీటి వనరుల ఉత్పత్తుల మీద సామూహిక హక్కు అందులో స్పష్టంగా ఉంది. ఫారం-బిలో దానికి ప్రత్యేకంగా గడి ఉంది. 1996 పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతంలో చిన్న నీటి వనరుల నిర్వహణ పంచాయతీలకు అప్పజెప్పాలని చెప్పింది. మా ఊరి దరఖాస్తు నకలు తీసి చూసిన. ఇప్పపువ్వు రాసిండ్రు, తునికాకు రాసిండ్రు, వెదురు రాసిండ్రు. చేపల గడి ఖాళీ. తమ్ముడూ, నువ్వు అడిగిన ప్రశ్నకు జవాబు ఆ ఖాళీ గడిలనే ఉంది. మనం ఖాళీగా వదిలిన చోట వేరేటోడు తన పేరు రాసుకుంటడు.

కొందరు అన్నలు అంటరు: "పరిశోధన, సర్వే అని వచ్చినోళ్లు మన మేలు కోసం రారు, పులి పేరు చెప్పి ఊర్లు ఖాళీ చేయమన్నది కూడా శాస్త్రం పేరుతోనే కదా?" ఈ భయం ఉత్తది కాదు. మనం అనుభవించినం. కాని శాస్త్రాన్ని పూర్తిగా వాళ్లకే వదిలేస్తే, ఎప్పటికీ మన మీద వాడే కర్రగానే ఉంటది. అదే శాస్త్రం అక్కడ ఒక తప్పు గీతను చెరిపింది. తేడా ఎక్కడుందంటే, ప్రశ్న ఎవరి బతుకులోంచి పుట్టిందో అక్కడ ఉంది.

ఇంకో దిక్కు, మన పెద్దలకు అన్నీ తెలుసు, పరికరాలు అక్కరలేదు అనే మాట కూడా నేను ఒప్పుకోను. వెయ్యి మీటర్ల లోతున చేప ఎటు పోతుందో మంచు మీద నిలబడ్డ మనిషికి కనబడదు. ఆ పని యంత్రం చేసింది. ఏ చోట గాలం వేస్తే చేప పడుతదో, ఇప్పుడు అక్కడికి ఎందుకు పోలేకపోతున్నరో ఊరోళ్లకు తెలుసు. రెండూ కలిస్తేనే పూర్తి బొమ్మ వచ్చింది.

అక్కడ అంతా బాగైపోయిందని కూడా అనను. ఎండకాలం వేటకు పడవ కావాలె, పెద్ద పెట్టుబడి కావాలె. మంచు మీద బండి, తాడు, గాలాలతో బతికిన పేదోడికి పడవ ఎక్కడిది? హక్కు ఊరికి వచ్చినంక ఊర్లో ఎవరికి అందుతుందనేది వేరే కొట్లాట. మనకూ రేపు అదే వస్తది. సొసైటీ మనోళ్లదే అయినా నలుగురి చేతిలో పెడితే లాభం ఏముంది?

అందుకే ఈ వానాకాలానికి నా విన్నపం. ఎవరి ఊర్లో వాళ్లు ఒక నోటుబుక్కు పెట్టండి. ఏ తేదీన వరద వచ్చింది, ఏ చేప ఎక్కడి నుంచి ఎక్కడిదాక ఎక్కింది, ఎవరు చూసిండ్రు, అంతే రాయండి. ఫోన్‌ల ఫొటో తీయండి. ముసలోళ్లను కూర్చోబెట్టి వాగుల పేర్లు, మడుగుల పేర్లు, ఎక్కడ ఎప్పటినుంచి పడుతున్నరో అడిగి రాయండి. నియమం 13 ప్రకారం పెద్దల మాటను రాతలో పెడితే అది కూడా సాక్ష్యమే. కనీసం రెండు రకాల సాక్ష్యాలు కావాలె, ఇది ఒకటి అవుతది. గ్రామసభలో పెట్టండి, ఆ గడి నింపండి.

మా పెదనాన్న ప్రశ్నకు జవాబు చెప్పేటోడు ఆ రోజు లేకుండె. ఈసారి మన నోటుబుక్కు చెప్పాలె.

మీ ఊర్లల్ల చేపల లీజు ఎవరి చేతిలో ఉందో కింద రాయండి. తప్పు రాస్తే సరిదిద్దండి.

జై ఆదివాసీ!