"నీ లక్ష్యం ఏమిటి?" అని అడిగే ముందు

ఈమధ్య మన సంస్థల్లో ఏ శిక్షణ తరగతికి వెళ్ళినా బోర్డు మీద రెండు ఇంగ్లీషు మాటలు కనిపిస్తున్నాయి: 'స్మార్ట్', 'గ్రో'. కౌన్సెలింగ్ చేసే కార్యకర్తలకూ, పొదుపు సంఘాల నాయకురాళ్ళకూ వ్యక్తిగత కోచింగ్ పేరుతో వీటిని నేర్పుతున్నారు. ప్రాజెక్టు నివేదికల్లో డబ్బిచ్చేవాళ్ళు వీటిని అడగడం పాత సంగతే. ఇప్పుడవి ఆడవాళ్ళ బతుకులకు కొలబద్దలవుతున్నాయి. నేను వీటికి పూర్తిగా వ్యతిరేకిని కాను. అయితే ఈ పనిముట్టు ఎక్కడిదో, మన చేతికొచ్చేసరికి ఏమైందో చూడాలి కదా.

'స్మార్ట్' 1981లో పుట్టింది. జార్జ్ డోరన్ అనే అమెరికన్, కంపెనీల మేనేజర్ల కోసం రాసిన చిన్న వ్యాసం అది. లక్ష్యం నిర్దిష్టంగా ఉండాలి, కొలవడానికి వీలుండాలి, ఎవరు చెయ్యాలో తెలియాలి, వాస్తవికంగా ఉండాలి, గడువుండాలి అన్నాడాయన. ప్రతి లక్ష్యానికీ ఈ అయిదూ ఉండి తీరాలని కూడా అనలేదు. తర్వాత వచ్చిన శిక్షణ పుస్తకాల్లో చాలావాటిలో మూడోది మారిపోయింది. 'ఎవరు చెయ్యాలి?' పోయి, దాని స్థానంలో 'సాధ్యమేనా?' వచ్చి కూర్చుంది. నా దృష్టిలో ఇది చిన్న మార్పు కాదు. మొదటి ప్రశ్న బాధ్యతను పంచుతుంది. రెండోది మొత్తం భారాన్ని ఎదురుగా కూర్చున్న ఒక్క మనిషి నెత్తినే పెడుతుంది.

'గ్రో' బ్రిటన్‌లో 1980లలో రూపుదిద్దుకుంది. ఒకప్పుడు కార్ల రేసుల్లో పాల్గొన్న జాన్ విట్మోర్ 1992లో రాసిన పుస్తకంతో బాగా ప్రచారమైంది. నీకేం కావాలి, ఇప్పుడు పరిస్థితి ఏమిటి, ఏయే దారులున్నాయి, ఏం చేస్తావు అని వరసగా అడుగుతారు. కోచ్ సలహా ఇవ్వకూడదు, అడగాలి. ఇందులో నాకు నచ్చింది అదే. "సర్దుకుపోమ్మా" అనే సలహాను పుట్టింటి నుంచి పోలీస్ స్టేషన్ దాకా అందరి నోటా విన్న మనిషిని, "నీకేం కావాలి?" అని అడిగేవాళ్ళు ఒక్కరైనా ఉండాలి.

కానీ దెబ్బలు తిని, ఇద్దరు పిల్లలతో సాయంత్రం బస్సు దిగి మన ఆఫీసుకొచ్చిన ఆమెను "ఆరు నెలల తర్వాత ఎక్కడుండాలనుకుంటున్నావు?" అని ఎలా అడుగుతాం? ఆ రాత్రికి ఎక్కడ పడుకోవాలన్నదే ఆమె లక్ష్యం. "ఏయే దారులున్నాయి?" అంటే తనకు తెలిసినవే చెబుతుంది: పుట్టిల్లు, లేకపోతే మళ్ళీ ఆ ఇల్లే. గృహహింస నుంచి రక్షణకు 2005లో వచ్చిన చట్టం, ఇల్లు ఎవరి పేరున ఉన్నా, కాపురముంటున్న ఆ ఇంట్లో ఉండే హక్కు ఇచ్చిందని ఆమెకు ఎవరు చెప్పారు? ఇక్కడ సలహా ఇవ్వకూడదని నోరు మూసుకు కూర్చుంటే, అది తటస్థంగా ఉండటం కాదు.

గడువు సంగతీ అంతే. మొదటి వాయిదా నుంచి అరవై రోజుల్లో దరఖాస్తు తేల్చడానికి ప్రయత్నించాలని అదే చట్టం మేజిస్ట్రేటుకు చెప్పింది. ఆ గడువు దాటితే అడిగేవాళ్ళు లేరు. ఈమె కాగితంలో రాసుకున్న గడువు దాటితే మాత్రం "సంకల్పం చాల్లేదు" అంటాం!

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా వద్దని కదిలినప్పుడు వాళ్ళ చేతికి ఈ ఫారం ఇచ్చి ఉంటే ఏమయ్యేది? 'సాధ్యమేనా' అన్న గడి దగ్గరే ఆగిపోయేది. అక్షరాస్యత తరగతిలో పదిమంది కలిసి కూర్చుని వేసుకున్న ప్రశ్నలు కాబట్టి "ఎవరు చెయ్యాలి?" అంటే "మనమే" అనే జవాబు దొరికింది. 1993 అక్టోబరు 1న ప్రభుత్వం సారా నిషేధించక తప్పలేదు. (1995లో వచ్చిన మద్యనిషేధాన్ని 1997లో ఎత్తేశారు. దాన్ని ఏ కొలతతో కొలుస్తారో నివేదికలు రాసేవాళ్ళే చెప్పాలి.)

అందుకే డోరన్ రాసిన ఆ మూడో ప్రశ్నను మన కాగితాల్లోకి తిరిగి తెచ్చుకుందామంటున్నాను. ఆమె ఏం చేస్తుందో రాసిన వరసలోనే మనమేం చేస్తామో, రక్షణ అధికారి ఏం చెయ్యాలో తేదీలతో సహా రాయాలి. మా జిల్లాలో జరగబోయే శిక్షణలో ఈ గడులు గీయించమని అడగబోతున్నాను. మూడు నెలల తర్వాత ఆ కాగితం తీసి, ముందుగా మన గడిలో ఉన్నవి చదవాలని కూడా.