నిరోధమునకు మర్యాద

2012వ సంవత్సరము ఏప్రిల్ మాసాంతమున బోయపాటి శ్రీను దర్శకత్వమున, జూనియర్ ఎన్.టి.ఆర్. కథానాయకుడుగా ‘దమ్ము’ అను తెలుగు చిత్రము విడుదలయ్యెను. ఆ చిత్రమును, దానికి కొన్ని వారముల ముందు వెలువడిన ‘3’ అను తమిళ చిత్రమును అంతర్జాలమున చౌర్యముగా పంచిపెట్టువారి నుండి కాపాడవలెనన్న ప్రార్థనపై మద్రాసు హైకోర్టు తాత్కాలిక నిషేధాజ్ఞలు జారీచేసెను. ఆ ఆజ్ఞలను చేతబట్టుకొని ఇంటర్నెట్ సర్వీసు కంపెనీలు మే మాసమున, పైరసీకి పేరుమోసిన టొరెంటు సైట్లతో ఆగక, స్వతంత్ర దర్శకులు తాము తీసిన లఘుచిత్రములను తామే ప్రదర్శించుకొను విమియోను, అసంఖ్యాకములైన వీడియోలకు నెలవైన డైలీమోషన్‌ను, ప్రోగ్రాములు వ్రాయువారు తమ వ్రాతలను పరస్పరము చూపుకొను పేస్ట్‌బిన్‌ను సమూలముగా మూసివేసినవి. సంతలో ఒక దుకాణమున దొంగసరుకు దొరకినదని సంత యంతటికిని తాళము వేయుట ఎట్టిదో ఇదియు నట్టిదే. తెరపై కనుపించిన ప్రకటనలో న్యాయస్థానపు టాజ్ఞ వలననో, టెలికాం శాఖ ఆదేశము వలననో ఈ సైటు నిరోధింపబడినదను మాట మాత్ర ముండెను గాని, ఏ న్యాయస్థానము, ఏ వ్యాజ్యమున, ఎంత కాలమునకు ఆజ్ఞాపించినదో తెలుపు నక్షరము ఒక్కటియు లేకుండెను.

సర్వీసు కంపెనీల సమాఖ్యయే మరల కోర్టు నాశ్రయింపగా, జూన్ 22వ తేదీన మద్రాసు హైకోర్టు తన ఆజ్ఞకు వివరణ మిచ్చెను. చౌర్యచిత్రము నిలిపియున్న నిర్దిష్టమైన లింకునకే నిషేధము వర్తించును గాని సైటు మొత్తమునకు గాదనియు, ఆ లింకుల వివరములను వాది తెలిపిన పిదప 48 గంటలలో కంపెనీలు వానిని నిరోధింపవలెననియు ఆ వివరణము యొక్క సారాంశము. ఆ వాక్యము మొదటి ఆజ్ఞలోనే ఉండియున్నచో, నెలకు పైగా నిరపరాధులైన వేలాది జనులు పడిన ఇక్కట్టు లేకపోయెడిది.

నేను పైరసీని సమర్థించువాడను గాను. తెలుగు చలనచిత్ర పరిశ్రమ ఆ పీడను ఎంత చవిచూచినదో ఎరుగనివారు లేరు. 2013వ సంవత్సరము సెప్టెంబరు మాసమున ‘అత్తారింటికి దారేది’ చిత్రము విడుదలకు ముందే, రమారమి తొంబది నిమిషముల భాగము అంతర్జాలమున వెల్లడియై, కృష్ణాజిల్లా పెడనలో డిస్కుల రూపమున అమ్మకమునకు వచ్చెను. అక్టోబరు మాసమున విడుదల చేయ నిశ్చయించిన చిత్రమును నిర్మాత సెప్టెంబరు 27వ తేదీననే ప్రదర్శనశాలలకు పంపవలసివచ్చెను. వందలాది మంది శ్రమ, అప్పుతెచ్చిన ధనము, మొదటి మూడు దినముల వసూళ్లపై ఆశపెట్టుకొన్న పంపిణీదారుని బ్రతుకు, ఒక్క ఫైలు రూపమున చేతులు మారుట కంటె హృదయవిదారకమైన దృశ్యము ఆ వృత్తిలోనివారికి మరియొకటి లేదు. అయితే ఆ ఫైలు బయటపడినది చిత్రనిర్మాణముతో సంబంధము గలవారి చేతుల నుండియే యని పోలీసుల దర్యాప్తులో తేలెను. ఎన్ని సైట్లను మూసినను ఆ చేయి ఆగెడిది గాదు. తెలుగు చిత్రములను చౌర్యముగా పంచిపెట్టిన ఐబొమ్మ అను సైటు విషయమున జరిగినదియు విచారింపదగినదే. అది సంవత్సరముల తరబడి, మూసిన ప్రతిసారియు చిరునామా మార్చుకొని మరల ప్రత్యక్షమగుచు వచ్చినది. 2025 నవంబరులో, దానిని నడుపుచున్నాడన్న అభియోగముపై హైదరాబాదు పోలీసులు ఒక వ్యక్తిని నిర్బంధించిన పిదపనే ఆ సైటు మూతపడినది. నేరము చేసిన మనుష్యుని పట్టుకొనుట కష్టసాధ్యమే. కాని ఫలము నిచ్చినది ఆ కష్టమే.

ఈ నిరోధము ఏ విధముగా జరుగునో సామాన్య పాఠకునకు తెలియుట అవసరము. ఏలయన, న్యాయాన్యాయముల విచారణ సగము ఆ యంత్రాంగములోనే ఇమిడియున్నది. మనము టైపు చేయు సైటు పేరును సంఖ్యారూపమైన చిరునామాగా మార్చి యిచ్చు సర్వరు ఒకటి ప్రతి కంపెనీకిని ఉండును. నిషిద్ధమైన పేరు అడిగినప్పుడు ఆ సర్వరు చేత అబద్ధము చెప్పించుట మొదటి పద్ధతి. పరికరములో సర్వరును మార్చుకొనుట నేర్చినవానికి ఇది అడ్డంకియే కాదు. సంభాషణారంభమున మన యంత్రము బహిరంగముగా పలుకు సైటు పేరును మధ్యలో పట్టి చదివి తెగగొట్టుట రెండవ పద్ధతి. వి.పి.ఎన్. పెట్టుకొన్నవానిని ఇదియు ఆపజాలదు. 2020లో బెంగుళూరులోని సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీతో సంబంధము గల పరిశోధకులు ఈ నిరోధములను పరీక్షించి చూడగా, ఒక కంపెనీ మూసిన సైటు మరియొక కంపెనీలో తెరచియే యుండుటయు, ఒక్కొక్క కంపెనీ ఒక్కొక్క పద్ధతి నవలంబించుటయు కనుగొనిరి. ఒకే దేశమున, ఒకే శాసనము క్రింద, ఏ కంపెనీకి నెలచందా కట్టితిమన్నదానిని బట్టి పౌరుని హక్కు మారుట సహింపరానిది.

ఇంతకంటె గంభీరమైన విషయ మొకటి కలదు. నేడు సైట్లు దాదాపు అన్నియు రహస్యలిపిలో సంభాషించుచున్నవి. కావున సర్వీసు కంపెనీకి కనుపించునది సైటు పేరు మాత్రమే, అందలి ఏ పుటను మనము తెరచితిమో దానికి తెలియదు. 2012లో మద్రాసు హైకోర్టు చెప్పిన నిర్దిష్టమైన లింకు నిరోధమును నేడు సర్వీసు కంపెనీ అక్షరాలా పాటింపదలచినను పాటింపజాలదు. అది మూయగలిగినచో సమస్తమును మూయవలెను, లేనిచో దేనిని మూయజాలదు. ఒక పుటను మాత్రము తొలగింపగల శక్తి ఆ సైటును నడుపువారికే కలదు. కావున ముందుగా అడుగవలసినది వారినే గాని సర్వీసు కంపెనీని గాదు. ఈ చిన్న క్రమమును పాటింపకపోవుటచేత ఎట్టి అనర్థము వాటిల్లునో 2017 ఆగస్టులో మనము కన్నులార చూచితిమి.

ఆ మాసమున ‘జబ్ హ్యారీ మెట్ సేజల్’, ‘లిప్‌స్టిక్ అండర్ మై బుర్ఖా’ అను హిందీ చిత్రముల నిర్మాతల ప్రార్థనపై మద్రాసు హైకోర్టు జారీచేసిన ఆజ్ఞల ననుసరించి 2,600కు పైగా సైట్లు నిరోధింపబడినవి. ఆ పట్టికలో ఇంటర్నెట్ ఆర్కైవ్ సైతము చేరినది. శాన్ ఫ్రాన్సిస్కో నగరమున నెలకొని, ఎవరి యొద్దను రుసుము తీసికొనక ప్రపంచ వాఙ్మయమును భద్రపరచు ఆ గ్రంథాలయము తెలుగు పాఠకునకు ఎంతటి ఆప్తబంధువో చెప్పవలసియున్నది. చిత్తూరు జిల్లాలో జన్మించి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున ఆచార్యులైన రాజ్ రెడ్డిగారి ప్రోద్బలముతో సాగిన పదిలక్షల గ్రంథముల పథకమున, హైదరాబాదులోని ట్రిపుల్ ఐటి మొదలగు సంస్థలు పాల్గొని, మన గ్రంథాలయములలో చెదలకు ఆహుతి కానున్న తెలుగు పుస్తకములను పుట పుటగా స్కాను చేసి డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో చేర్చినవి. ఆ గ్రంథరాశి యొక్క ప్రతులు పిదప ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో చోటు చేసికొన్నవి. నేడు డల్లాస్ నగరమున నున్న తెలుగు యువతి తన తాతగారి కాలపు పత్రికను చదువవలెనన్నను, గుంటూరులో పరిశోధన చేయు విద్యార్థి మద్రాసులో అచ్చయిన పూర్వ ముద్రణను సరిచూచుకొనవలెనన్నను, తెలుగు వికీసోర్సులో పాత గ్రంథములను టైపు చేయు నిస్స్వార్థ సేవకులు మూలప్రతిని పోల్చుకొనవలెనన్నను, ఎక్కువ పాళ్లు అక్కడికే పోవుదురు. రెండు హిందీ చిత్రముల రక్షణ నెపమున ఆ ద్వారమును, ఆ సంస్థకు ముందు ఒక్క మాటయైనను చెప్పక మూసివేసిరి. వార్త లోకమంతట ప్రాకి గగ్గోలు పుట్టిన పిదప కొద్ది దినములలో తెరచిరి. ఏ సైట్ల పక్షమున గగ్గోలు పుట్టించువారు లేరో, వాని గతి ఏమైనదని నాడు విచారించినవారు లేరు.

ఇట్టి పొరపాటు అదొక్కటియే గాదు. 2014లో ప్రపంచ ఫుట్‌బాల్ పోటీల ప్రసారమును కాపాడుటకై ఢిల్లీ హైకోర్టు నిరోధింపుమన్న 472 సైట్ల పట్టికలో గూగుల్ డాక్స్ సైతము చేరియుండెను. తరువాత ఆ సంఖ్యను 219కి తగ్గించిరి. 2020 మే మాసమున, లాక్‌డౌన్ చేత జనులందరు ఇండ్లలో కూర్చుండి పెద్ద ఫైళ్లను పంపుకొనవలసిన దినములలో, టెలికాం శాఖ అట్టి ఫైళ్లను చేరవేయు వియ్‌ట్రాన్స్‌ఫర్ అను సైటును మూయించెను. దేశభద్రత, ప్రజాప్రయోజనము అను రెండు పదములకు మించిన కారణము ప్రజలకు తెలుపబడలేదు.

శాసనమేమి చెప్పుచున్నది? సమాచార సాంకేతిక చట్టములోని 69ఏ సెక్షను క్రింద ప్రభుత్వము స్వయముగా నిరోధింపగల కారణములు దేశ సార్వభౌమత్వము, రక్షణ, విదేశ మైత్రి, శాంతిభద్రతల వంటివి. కాపీహక్కు వానిలో లేదు. కాపీహక్కు చట్టమునకు 2012లో చేసిన సవరణము, యజమాని ఫిర్యాదుపై లింకు నందించు మధ్యవర్తి దానిని 21 దినములు నిలిపివేయవలెననియు, ఆ లోపల కోర్టు ఆజ్ఞ రానిచో మరల తెరువవచ్చుననియు నియమించినది. గడువు లేని శిక్ష కూడదన్న వివేకము ఆ సెక్షనులోనే కనుపించును. అయినను నిర్మాతలు ఆ త్రోవను విడిచి, పేరు తెలియని ప్రతివాదికి అశోక్ కుమార్ అని కల్పితనామ మొసగి, ఎదుటిపక్షము లేకయే పొందు ఆజ్ఞల వెంట పోయిరి. 2019లో ఢిల్లీ హైకోర్టు చౌర్యమే వృత్తిగా గల సైట్లను గుర్తించుటకు లక్షణములను నిర్దేశించి, చిరునామా మార్చిన ప్రతిసారియు క్రొత్త వ్యాజ్యము వేయ నక్కరలేని విధమును కల్పించెను. అది సమంజసమైన యేర్పాటేనని నా యభిప్రాయము. 2023లో అదే న్యాయస్థానము ఇకమీదట నిర్మింపబడబోవు కృతులకు సైతము ఆ రక్షణను విస్తరింపజేసెను. అదే సంవత్సరము నవంబరులో కేంద్ర సమాచార ప్రసార శాఖ, ఫిర్యాదు అందిన 48 గంటలలో చర్య తీసికొను అధికారులను నియమించెను. వేగము పెరిగినది. నిరోధింపబడినవాని మాట వినుటకు తగిన ద్వారము మాత్రము ఏర్పడలేదు.

చిత్రము యొక్క భాగ్యము మొదటి వారములోనే తేలిపోవును, విచారణకు వ్యవధి ఎక్కడనని నిర్మాతలందురు. ఆ ఆతురత న్యాయమైనదే. కాని బొంబాయి హైకోర్టున జస్టిస్ గౌతమ్ పటేల్ 2016లో ‘ఢిషూమ్’ చిత్రపు వ్యాజ్యమున చూపిన మార్గము ఆ ఆతురతకు అడ్డు రాలేదు. ప్రతి లింకును వాది స్వయముగా సరిచూచి, ప్రమాణపూర్వకముగా సమర్పించిన పిదపనే ఆయన ఆజ్ఞ యిచ్చిరి. మూసిన పుటపై వ్యాజ్యపు వివరములు కనుపింపవలెననియు, నష్టపోయినవాడెవడైనను న్యాయస్థానమునకు రావచ్చుననియు శాసించిరి. ఆ తరువాత కంపెనీలు తమ ప్రకటనలో, చూచుటయే నేరమన్న భయమును ప్రజలలో కలిగింపగా, చిత్రమును చూచుట నేరము గాదనియు, అనుమతి లేక పంపిణీ చేయుట, ప్రదర్శించుట, అమ్ముట మొదలగునవియే నేరములనియు విడమరచి చెప్పిరి. సరిచూచు పని చిత్రము విడుదలకు ముందే వాది చేసికొనవలసినది. దానికై కోర్టు కాలమేమియు వ్యయపడదు.

తెలుగు ఫిల్మ్ చాంబరు ఇకమీదట ఏ న్యాయస్థానమునకు పోయినను నాలుగు నియమములను తానుగా అంగీకరింపవలెనని నా కోరిక. సక్రమముగా నడచు సైటులో చౌర్యప్రతి కనుపించినచో ముందు ఆ సైటువారినే తొలగింపుమని అడుగవలెను. చౌర్యమే జీవనముగా గల సైటు అని రుజువైనప్పుడు మాత్రమే మొత్తము మూయింపవలెను. మూసిన పుటపై వ్యాజ్యపు సంఖ్యను, తేదీని, గడువును తెలుగులోను వ్రాయవలెను. సర్వీసు కంపెనీలు ఏయే సైట్లను ఏ యాజ్ఞపై మూసినవో తెలుపు పట్టికను టెలికాం శాఖ అందరికిని చూపవలెను. 2012 మే మాసమున ‘దమ్ము’ చిత్రము పేర మూతపడినవి ఎన్ని యని నేడు ఎవరైన అడిగినచో చూపుటకు అట్టి పట్టిక ప్రజల చేతులలో లేదు.