బయట నిలబెట్టిన పనిమంతుడు

లాప్‌టాప్‌కి బయటనుంచి గ్రాఫిక్స్ కార్డు తగిలిస్తానంటే నల్లకుంటలో ఒక్కరూ మెచ్చుకోరు. ఇంట్లోవాళ్లు ఆటల పిచ్చి అంటారు. ఆటలాడే కుర్రాళ్లు వేగం చచ్చిపోతుందంటారు. దుకాణంవాళ్లు వారంటీ పోతుందంటారు. మూడు మాటల్లోనూ కాస్తో కూస్తో నిజం ఉంది, అందుకే నాకు ఒళ్లుమంట. పూర్తి అబద్ధమైతే ఈపాటికి ఎవరో ఒకరు తిప్పికొట్టేవారు.

శివం రోడ్డు, విద్యానగర్, అడిక్‌మెట్ గదుల్లో అద్దెకుండే పిల్లల సంగతి చూడండి. మొదటి ఏడాదిలో ఇంట్లోవాళ్లు అప్పో సొప్పో చేసి లాప్‌టాప్ కొనిపెడతారు. ప్రాసెసర్ మంచిదే, ర్యామ్ సరిపోతుంది, నాలుగేళ్లూ ఈడ్చుకొస్తుంది. ఉస్మానియా క్యాంపస్‌లో ఆఖరి ఏడాది ప్రాజెక్టు దగ్గరికొచ్చేసరికి ఒకరు ఎక్స్‌రే ఫొటోలు చదివే మోడల్‌కి శిక్షణ ఇవ్వాలి, ఇంకొకరు బ్లెండర్‌లో బొమ్మలు రెండర్ చెయ్యాలి, జియోఫిజిక్స్ చదివేవాళ్లకు భూకంప తరంగాల లెక్కలు. అన్నింటికీ గ్రాఫిక్స్ కార్డు కావాలి, దానిమీద చాలినంత మెమరీ ఉండాలి. ఉచిత క్లౌడ్ మీద పెడితే శిక్షణ సగంలో ఉండగా సెషన్ తెగిపోతుంది. తార్నాక దాటగానే ఐఐసీటీ, సీసీఎంబీ, ఎన్‌జీఆర్‌ఐ పరిశోధన సంస్థలు వరసగా కనిపిస్తాయి. రేపు వాటిలో చేరాలని కలలు కనే పిల్లవాడు ఇవాళ తెగిన సెషన్ ముందు కూచుని మళ్లీ మొదట్నుంచి నడిపిస్తుంటాడు.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ దుకాణాలకి వెళ్లి అడిగితే దొరికే సలహా ఒకటే. "పాతది అమ్మెయ్ తమ్మీ, గేమింగ్ లాప్‌టాప్ తీస్కో, ఈఎంఐ పెట్టిస్త." బయట కార్డు సంగతి ఎత్తితే, "గవన్నీ మనకెందుకే, సక్కగ పన్జెయ్యయి" అని మాట తుంచేస్తారు. మంచి ప్రాసెసర్, మంచి ర్యామ్, బాగున్న కీబోర్డు అన్నీ ఒక్క భాగం లేదన్న నేరానికి సగం ధరకు పోవాలన్నమాట.

అసలు ఆ ఏర్పాటులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. డెస్క్‌టాప్ కార్డు ఒకటి, దానికి కరెంటిచ్చే ఎస్ఎంపీఎస్ ఒకటి, లాప్‌టాప్‌కి కలిపే దారి ఒకటి. థండర్‌బోల్ట్ ఉన్న లాప్‌టాప్ అయితే పని తేలిక, కేబుల్ గుచ్చితే చాలు. కాని యూఎస్‌బీ-సీ రంధ్రాలన్నీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, అన్నింటిలో థండర్‌బోల్ట్ ఉండదు. పక్కన చిన్న మెరుపు గుర్తు ఉందేమో చూసుకోవాలి, లేకపోతే మోడల్ నంబరు పట్టుకుని కంపెనీ కాగితాలు వెతకాలి. అది లేని లాప్‌టాప్‌లలో ఎస్ఎస్‌డీ కూచునే ఎం.2 స్లాటే దిక్కు. మన పిల్లల లాప్‌టాప్‌లలో ఎక్కువ ఈ బాపతే.

అడుగు మూత విప్పి, ఖాళీగా ఉన్న రెండో ఎం.2 స్లాట్‌లో అడాప్టర్ పెట్టి, రిబ్బన్ కేబుల్‌ను నలగకుండా బయటికి తియ్యాలి. స్లాట్ ఎన్‌వీఎంఈ రకమై ఉండాలి. సాటా మాత్రమే తీసుకునే స్లాట్ అయితే కార్డు ఎన్నటికీ కనిపించదు. వైఫై స్లాట్‌లోనూ పెట్టొచ్చు గాని దానికి డేటా నడిచే వరస, అంటే లేన్, ఒక్కటే. ఎస్ఎస్‌డీ స్లాట్‌కి మామూలుగా నాలుగు. పీసీఐ ఎక్స్‌ప్రెస్ మూడో తరంలో నాలుగు లేన్లంటే సెకనుకు సుమారు 4 గిగాబైట్లు. డెస్క్‌టాప్‌లో అదే కార్డుకు పదహారు దాకా లేన్లు దొరుకుతాయి. మదర్‌బోర్డు లేని ఎస్ఎంపీఎస్ దానంతట అది లేవదు. చాలా అడాప్టర్లు ఆ పని అవే చూసుకుంటాయి. చూసుకోని వాటికి, ప్లగ్గు పీకేసి ఉంచి, 24 పిన్నుల కనెక్టర్‌లో ఆకుపచ్చ తీగను నల్ల తీగతో కలపాలి. ముందు ఎస్ఎంపీఎస్ ఆన్ చెయ్యాలి, తరవాతే లాప్‌టాప్. ఎం.2 దారిలో పెట్టినదాన్ని లాప్‌టాప్ నడుస్తుండగా పీకకూడదు.

డివైస్ మేనేజర్‌లో కార్డు పేరు కనబడగానే పండగ చేసుకునేవాళ్లను కోడ్ 12 పలకరిస్తుంటుంది. కార్డు అడిగిన మెమరీ చిరునామాలకు చోటు లేదని దాని ఫిర్యాదు. బయాస్‌లో 4 జీబీ పైన చిరునామాలిచ్చే ఆప్షన్ ఉంటే ఆన్ చెయ్యాలి, లేకపోతే లోపల చిన్న కార్డేదైనా ఉంటే దాన్ని డిసేబుల్ చేసి చూడాలి. డ్రైవర్ ఎక్కాక జీపీయూ-జెడ్ అనే ప్రోగ్రాం తెరిచి బస్ ఇంటర్‌ఫేస్ దగ్గర నాలుగు లేన్లు చూపిస్తోందా, ఒకటే చూపిస్తోందా చూడండి. ఒకటే అయితే ముందు కేబుల్‌ని, కనెక్టర్‌ని అనుమానించండి. మానిటర్ ఉంటే కార్డుకే నేరుగా పెట్టాలి. లాప్‌టాప్ తెరమీదే చూస్తానంటే బొమ్మ మళ్లీ అదే దారిలో వెనక్కి రావాలి, ఉన్న ఇరుకు ఇంకా ఇరుకవుతుంది.

ఇక వేగం పోతుందన్న నిందకు వద్దాం. పోతుంది. ఆటల్లో ప్రతి ఫ్రేముకూ ప్రాసెసర్, కార్డు మాటామంతీ జరపాలి కాబట్టి నాలుగు లేన్లు చాలక తేడా కనిపిస్తుంది. కొలతలు పెట్టి తీర్పులు చెప్పేవాళ్లు దాదాపు ఎప్పుడూ ఆటలమీదే కొలుస్తారు. ఆ తీర్పును తీసుకొచ్చి రెండరింగ్ చేసే పిల్ల మీద, మోడల్‌కి శిక్షణ ఇచ్చే పిల్లవాడి మీద రుద్దుతారు. వంటింటి గుమ్మం ఇరుకైతే బియ్యం బస్తా లోపలికి చేరడం ఆలస్యమవుతుంది, పొయ్యి మంట తగ్గదు. బ్లెండర్ సీను ఒకసారి కార్డు మెమరీలోకి ఎక్కాక లెక్క అంతా అక్కడే నడుస్తుంది. దారి ఇరుకు ఆ తరవాత పెద్దగా అడ్డురాదు. ఈ ఒక్క ముక్క చెప్పే దుకాణదారు ఒక్కడు కనిపిస్తే దండం పెడతాను.

పైగా గొప్పగా చూపించే గేమింగ్ లాప్‌టాప్‌లో ఉన్నదేమిటి? 2021లో ఎన్విడియా ఆర్టీఎక్స్ 3060 పేరుతో రెండు సరుకులు తెచ్చింది. డెస్క్‌టాప్‌కి మొదట వచ్చినదానికి 12 జీబీ మెమరీ, 170 వాట్లు. లాప్‌టాప్‌లోదానికి 6 జీబీ, 60 నుంచి 115 వాట్ల మధ్య లాప్‌టాప్ కంపెనీ ఎంత దయతలిస్తే అంత. పేరు ఒకటే, మెమరీ సగం. మోడల్ మెమరీలో పట్టకపోతే ఎన్ని లేన్లుండి ఏం లాభం? మే నెల మధ్యాహ్నం రేకుల గదిలో ఆ లాప్‌టాప్ వేడెక్కి తనంతట తానే నెమ్మదిస్తుంది. బయట కార్డు పెద్ద ఫ్యాన్లతో తన గాలి తాను పీల్చుకుంటుంది.

దీని లోపాలు దాచను. టేబుల్ మీద చోటు తింటుంది, చూడ్డానికి పేగులు బయటపడ్డట్టుంటుంది. కరెంటు పోయినప్పుడు లాప్‌టాప్ బ్యాటరీ మీద బతికే ఉంటుంది, కార్డు మాత్రం ఠపీమని ఆగి మొత్తం కట్టేస్తుంది. కార్డుకు సరిపడే యూపీఎస్ లేకుండా రాత్రంతా శిక్షణ పెట్టి పడుకోవద్దు. సెకండ్ హ్యాండ్ కార్డుల్లో క్రిప్టో నాణేల మైనింగ్‌లో అరిగినవి ఉంటాయి. 2022 సెప్టెంబరు 15న ఎథీరియం మైనింగ్ ఆగాక అలాంటివి కుప్పలుగా అమ్మకానికొచ్చాయి. ఫ్యాన్ తిరిగే చప్పుడు వినకుండా, కనీసం అరగంట లోడు పెట్టి చూడకుండా డబ్బివ్వకండి.

పెద్ద కంపెనీల నిర్వాకం మాత్రం క్షమించలేను. బయట కార్డు కోసమే 2007లో ఆసుస్ ఎక్స్‌జీ స్టేషన్ అంది, 2008లో ఏఎండీ ఎక్స్‌జీపీ అంది, 2011లో సోనీ వైయో జెడ్‌కి డాక్ ఇచ్చింది. ఏఎండీ, సోనీలైతే ఎవరి ప్లగ్గు వారిదే, ఒకరిది ఇంకొకరికి పట్టదు. యాపిల్ 2018లో మాక్‌లకు తలుపు తెరిచి, 2020లో తన సొంత చిప్పులు తెచ్చి ఆ కొత్త మాక్‌లకు మూసేసింది. కొన్ని పాత లాప్‌టాప్‌లలో బయాస్ వైఫై స్లాట్‌లో తన జాబితాలో లేని కార్డును చూస్తే మొరాయించేది. పద్ధతికి పేరు రాకముందే కాళ్లు విరగ్గొట్టి, నడవడం రాదని ఎగతాళి చేస్తే ఎలా?

కాబట్టి అడగవలసినవి అడుగుతున్నాను. లాప్‌టాప్ డబ్బా మీద ర్యామ్ ఎంతో అచ్చువేసినట్టే రెండో ఎం.2 స్లాట్ ఉందా లేదా, దానికి లేన్లెన్నో అచ్చువెయ్యాలి. పార్క్‌లేన్ అన్నలు అడాప్టరూ కార్డూ ఒకటి కౌంటరు మీద పెట్టి, పిల్లలు తెచ్చుకున్న లాప్‌టాప్‌కి తగిలించి చూపించాలి. అద్దె తీసుకున్నా తప్పులేదు. కాలేజీ ల్యాబుల్లో పాత డెస్క్‌టాప్‌లు స్క్రాప్‌కి వేసేటప్పుడు వాటిలో పనికొచ్చే కార్డులుంటే పీకి, ఒక్కొక్క దానికి ఎస్ఎంపీఎస్, అడాప్టర్ జతచేసి, లైబ్రరీ పుస్తకంలా సంతకం పెట్టించుకుని ఆఖరి ఏడాది పిల్లలకు పదిహేనేసి రోజులకు ఇవ్వొచ్చు. పోతే రికవరీ ఎవరి దగ్గర అంటారేమో, డిపాజిట్ కట్టించుకోండి. పుస్తకాలకు కట్టించుకోవడం లేదా?