విలన్ అంటే పొలం పనివాడు



మొన్న ఆదివారం మెస్ లైన్‌లో మన తొమ్మిదో తరగతి వాళ్ళే, గుట్ట మీది ఊరి నుండి కొత్తగా వచ్చిన ఐదో తరగతి పాపను "అడవి మొహం" అన్నారు. నేను కూడా నవ్వాను. ఆ పాప కంచం అక్కడే పెట్టి వెళ్ళిపోయింది. సరదాకి అన్నాం అంటున్నారు. సరదా అయితే ఆ పాప అన్నం ఎందుకు తినలేదు?

తర్వాత ఇంగ్లీషు పాఠంలో సావేజ్ అనే మాట వచ్చింది. క్రూరుడు, అనాగరికుడు అని అర్థం రాసుకున్నాం. బీరువాలోని పెద్ద డిక్షనరీ తీసి చూశాను. అది లాటిన్‌లో సిల్వా అనే మాట నుండి పుట్టిందట. సిల్వా అంటే అడవి. అడవిలో ఉండడమే తిట్టు అయిపోయింది!

ఇంకా వెతికాను. సినిమాలో విలన్ అంటాం కదా, దానికి మొదటి అర్థం దొర భూమిలో పని చేసే పల్లెటూరి వాడు. మా నాన్న కూడా అలాంటి పనికే పోతాడు. మరి మా నాన్న విలనా? బూర్ అంటే మర్యాద తెలియని మోటు మనిషి (బోర్ కొడుతోంది అంటామే, ఆ బోర్ కాదు). డచ్చి వాళ్ళ భాషలో ఆ మాటకు రైతు అని అర్థం. గ్రీకు వాళ్ళకు వేరే వాళ్ళ భాష "బర్ బర్" అని వినపడేదట, అందుకే వాళ్ళను బార్బేరియన్లు అన్నారు. నేను 3వ తరగతిలో హాస్టల్‌కు వచ్చినపుడు నాకు కోయ తప్ప తెలుగు రాదు. నేను నోరు తెరిస్తే అందరూ నవ్వేవాళ్ళు. వాళ్ళకూ బర్ బర్ అనే వినపడిందేమో.

డన్స్ అంటే మొద్దు. లెక్కల్లో నన్ను చాలాసార్లు అన్నారు. అది డన్స్ స్కోటస్ అనే గొప్ప పండితుని పేరు! ఆయన 1308లో చనిపోయారు. రెండు వందల ఏళ్ళ తర్వాత కొత్త చదువుల వాళ్ళు, ఆయన పుస్తకాలు వదలని వాళ్ళను ఎగతాళి చేసి ఆ పేరు పెట్టారు. ఇది చదివాక నాకు కొంచెం సంతోషం అయింది.

ఇంగ్లీషు వాళ్ళనే ఎందుకు అనాలి? వార్డెన్ మేడం కోపం చేసుకోవద్దు. పెద్దవాళ్ళు కోపం వస్తే మనల్ని అనాగరికులు అంటారు. నాగరికం అనే మాట నగరం నుండి వచ్చింది. మనం నగరం వాళ్ళం కాదు, నిజమే. అది తప్పా? ఈ మాటలు పొలం దున్నేవాడు, అడవిలో ఉండేవాడు పెట్టినవి కావు. వాళ్ళకు రాయడం రాదు. వచ్చినవాళ్ళు రాసుకున్నారు.

ఆ పాపకు నేను ఇంకా సారీ చెప్పలేదు. ఈ రోజు స్టడీ అవర్ అయ్యాక నీళ్ళ ట్యాంకు దగ్గర చెబుతాను. ఆ మాట అన్న నలుగురూ రావాలి. పేర్లు ఇక్కడ రాయడం లేదు.

– 9వ తరగతి విద్యార్థిని