సీసా మీది చీటీకి సాక్ష్యం ఎవరు?

సూరత్‌లో ఖరీదైన వజ్రం చేతులు మారాలంటే అమ్మేవాడి మాట ఒక్కటే చాలదు. అతనితో ఏ సంబంధమూ లేని గ్రేడింగ్ ల్యాబ్ ఇచ్చిన సర్టిఫికెట్ చూశాకే బేరం తెగుతుంది. అదే ఊళ్లో ఏ యూనివర్సిటీ ల్యాబో పరిశోధన కోసం మానవ ప్రొటీన్ కొన్నప్పుడు మాత్రం తయారీదారు రాసిందే వేదం. మనిషి జన్యువును బాక్టీరియాలోనో, ఈస్టులోనో, పెంపకపు కణాల్లోనో పెట్టి తయారు చేయించేదే రీకాంబినెంట్ ప్రొటీన్. పది మైక్రోగ్రాముల పొడి సీసా అడుగున కంటికి ఆనీ ఆననట్టు ఉంటుంది, ధర మాత్రం వేలల్లో పలుకుతుంది. ‘పరిశోధనకు మాత్రమే, రోగులకు వాడరాదు’ అని పైన చీటీ ఉంటుంది. రోగికి ఇచ్చే ఇన్సులిన్‌ను నోయిడాలోని జాతీయ జీవ ఉత్పత్తుల సంస్థ పరీక్షిస్తుంది. ఈ సీసా మందు కాదు కనుక ఆ తనిఖీ దీనికి వర్తించదు. ఈ సీసాలకూ ప్రభుత్వ ఖర్చుతో, తయారీదారుకు సంబంధం లేని పరీక్ష ఉండాలని నా వాదన.

‘ప్రొటీన్ 95 శాతం శుద్ధం’ అంటే సరిపోదా అని అడగవచ్చు. సరిపోదని చెప్పే ఉదంతం సైన్సు చరిత్రలోనే ఉంది. హెచ్‌ఎస్‌పీ70 అనే మానవ ప్రొటీన్ రోగనిరోధక కణాలను రెచ్చగొట్టి, వాటి చేత టీఎన్‌ఎఫ్ అనే రసాయనాన్ని విడుదల చేయిస్తుందని 2000 ప్రాంతంలో పరిశోధనలు వెలువడ్డాయి. గావో, సాన్ అనే శాస్త్రవేత్తలు 2003లో అదే పనిని ఎండోటాక్సిన్ అనే మలినాన్ని బాగా తగ్గించిన ప్రొటీన్‌తో చేసి చూశారు. కణాలు ఉలకలేదు, పలకలేదు. రెచ్చగొట్టింది ప్రొటీన్ కాదు, దాన్ని తయారుచేసిన ఈ-కోలి బాక్టీరియా పైపొర నుంచి వచ్చిన ఆ మలినం. ప్రొటీన్లను వేరుచేసి చూపే జెల్ మీద ప్రొటీన్ గీత ఒక్కటే కనిపిస్తే శుద్ధమని రాసుకుంటాం, కానీ ఎండోటాక్సిన్ ప్రొటీన్ కాదు కనుక ఆ గీతల్లో అది కనపడదు. దానికి వేరే పరీక్ష కావాలి. శుద్ధత సరే, ప్రొటీన్ సరిగ్గా ముడుచుకుని పనిచేస్తోందా అన్నది మరో ప్రశ్న. ఆ జవాబు బ్యాచ్ బ్యాచ్‌కూ మారవచ్చు. పెద్ద సంస్థ అయితే మూడు చోట్ల కొని సరిపోల్చుకుంటుంది. గ్రాంటు ఒక్క సీసాకే సరిపోయే చిన్న ల్యాబు విద్యార్థి రెండేళ్ల శ్రమ ఆ మలినం పాలు కావచ్చు, అయిందని తెలియకపోనూ వచ్చు.

ప్రయోగశాల మాట నిలవకపోతే ఏమవుతుందో సూరత్‌కు వేరే చెప్పనక్కర్లేదు. 1994 సెప్టెంబరులో ప్లేగు వార్తకు లక్షల మంది ఊరు వదిలి పరుగులు తీశారు. వచ్చింది నిజంగా ప్లేగేనా అన్న తగవు మాత్రం ఏళ్ల తరబడి నడిచింది. శ్రీకాకుళంలో పుట్టిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి అధ్యక్షతన వేసిన కమిటీ ప్లేగేనని తేల్చినా అనుమానాలు తీరలేదు. రోగుల నుంచి సేకరించిన సూక్ష్మజీవుల జన్యువులను పరిశీలించి హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు ప్లేగు బాక్టీరియానే కారణమని ప్రకటించేసరికి 2000 వచ్చింది. ప్లేగు తర్వాత ఊరిని కడిగించిన కమిషనర్ ఎస్.ఆర్. రావు పేరు ఇప్పటికీ చెప్పుకుంటాం, ల్యాబుల ఊసు ఎత్తేవారే తక్కువ. అప్పటి సమస్య మానవ ప్రొటీన్‌ది కాదు, నిజమే. అయితే ప్లేగు రక్తపరీక్షకూ ఎఫ్1 అనే ప్రొటీనే ఆధారం. ఆ ప్రొటీన్ నికరమైనది కాకపోతే పరీక్ష ఫలితాన్నీ నమ్మలేం.

ఇది మరో లైసెన్సు రాజ్యమని, దిగుమతులు ఇంకా ఆలస్యమవుతాయని అభ్యంతరం వస్తుంది. ఆ భయం ఉత్తదేమీ కాదు. డ్రై ఐస్‌లో వచ్చిన పెట్టె కస్టమ్స్‌లో నాలుగు రోజులు ఆగితే అందులోని సరుకు ఏమవుతుందో ల్యాబుల వాళ్లకు బాగా తెలుసు. అందుకే నేను అడుగుతున్నది అమ్మకానికి ముందు అనుమతి కాదు. అమ్మకం జరగనివ్వండి. మార్కెట్లో ఉన్న సీసాలను అక్కడక్కడా కొని, ఎండోటాక్సిన్ ఎంత, పనితనం ఎంత అని పరీక్షించి, లాట్ (బ్యాచ్) నంబరుతో సహా అందరికీ కనిపించేలా పెట్టండి. ఖర్చు మాటకొస్తే, ఒక లాట్‌కు ఒక్క పరీక్ష చేస్తే దాన్ని కొన్న ల్యాబులన్నిటికీ పనికొస్తుంది. పేరున్న కంపెనీలు ఎలాగూ బాగానే చేస్తాయి కదా అంటే, ఫలితాలు బయటపెడితే లాభపడేవి ముందు అవే. సరిపోల్చడానికి కొలమానం లేదనీ అనలేం. సైటోకైన్ల వంటి ప్రొటీన్లకు అంతర్జాతీయ ప్రమాణ నమూనాలను బ్రిటన్‌లోని ఎన్‌ఐబీఎస్‌సీ చాలాకాలంగా పంపిణీ చేస్తోంది.

చేతనైనవాళ్లు మన దగ్గర లేరా అంటే, 1997లోనే హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ ఈస్టు కణాలతో హెపటైటిస్-బి టీకా తయారుచేసి మార్కెట్లోకి తెచ్చింది. సూరత్ ఉన్న గుజరాత్‌లోనే, గాంధీనగర్‌లో గుజరాత్ బయోటెక్నాలజీ రీసెర్చ్ సెంటర్ ఉంది, దక్షిణాదికి సీసీఎంబీ ఉంది. ఈ రెండు చోట్లా మొదలుపెట్టవచ్చు. ఈలోగా కేంద్ర బయోటెక్నాలజీ విభాగం తన గ్రాంట్లకు ఒక షరతు పెట్టవచ్చు: రీకాంబినెంట్ ప్రొటీన్ వాడిన ప్రతి నివేదికలోనూ లాట్ నంబరు, ఎండోటాక్సిన్ విలువ రాయాలి. దానికి కొత్త చట్టం అక్కర్లేదు, ఒక సర్క్యులర్ చాలు.